జైనూర్ అంగడిలో మోటర్‌సైకిల్ గిర్ని

ముందు ఆ లివర్ సంగతి చెప్పాలి. మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

పాత మోటర్‌సైకిళ్లకు హ్యాండిల్ మీద ఎడమ పక్కన వేలెడంత లివర్ ఒకటి ఉండేది. ఇంజన్ లోపల నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలో దాని చేతిలో ఉంటుంది. స్టార్ట్ చేసేముందు దాన్ని వెనక్కి తిప్పాలి, ఇంజన్ అందుకున్నాక ముందుకు తేవాలి. వెనక్కి తిప్పకుండా కిక్కు కొడితే రవ్వ ముందే పుట్టి ఇంజన్ ఎదురు తిరుగుతుంది. కిక్కు రాడ్ మన కాలిని గుర్రం తన్నినట్టు తంతుంది. ఈ పని నేర్చుకునే ప్రతివాడికీ ఉస్తాద్ మొదటిరోజే చెప్పే మాట ఇది. మంచిర్యాలలో మా ఉస్తాద్ నాకూ చెప్పాడు. నేను మరిచిపోయాను. మరిచిపోయింది నేనే. ఈ ఒక్క ముక్క బయటికి అనడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

మా చుట్టాల్లో నా గురించి ఒక కథ తిరుగుతుంటుంది. ఆసిఫాబాద్ అడవుల్లో మోటర్‌సైకిల్ ఇంజన్‌తో పిండి గిర్ని నడిపించిన మొనగాణ్ణి నేనేనట. పెళ్లిళ్లలో పిల్లలను పిలిచి నన్ను చూపిస్తారు. మొన్న మా అన్న కొడుకు వచ్చి, "చిన్నబాపూ, నీ కథ రాసియ్యి, అచ్చు ఏపిస్త" అన్నాడు. రాస్తున్నాను. వాడికి నచ్చేలా మాత్రం రాయడం లేదు.

పోలీస్ యాక్షన్ అయ్యాక సైన్యం హర్రాజు పాటలో వదిలించుకున్న బండి అది. చేతులు మారి మారి ఆసిఫాబాద్‌లో ఒక కలప కాంట్రాక్టర్ షెడ్డుకు చేరింది. నేను చూసేనాటికి సీటు స్ప్రింగుల మధ్య కోడి గుడ్లు పెట్టుకుని పొదుగుతోంది. నాది పక్కనే సైకిల్ రిపేరు దుకాణం. బేరం కుదిరాక నా భార్యను తీసుకెళ్లి చూపించాను. ఆమె బండి చుట్టూ ఒకసారి తిరిగి, "గుడ్లు బండితోటే వస్తయా, వేరే కొనాల్నా?" అని అడిగింది.

వెనుక చక్రం తీసేసి, ఇరుసు వేసి, దానికి రెండు చక్రాలు బిగించి మూడు చక్రాల బండి చేశాను. వెనుక చెక్క తొట్టె, అందులో గిర్ని రాళ్లు. జైనూర్‌లో వారం వారం జరిగే అంగడికి చేరాక వెనుక చక్రాలను దిమ్మెల మీదికి ఎత్తి, చక్రం పక్కన బిగించిన పుల్లీ నుంచి గిర్నికి తోలు పట్టా వేస్తే రాయి తిరిగేది. అప్పటికి ఆ కొండల్లో ఎక్కడా కరెంటు లేదు. ఆడవాళ్లు తెల్లవారకముందే లేచి ఇసుర్రాయి తిప్పితేనే ఇంట్లో జొన్నరొట్టె. అంగడికి వచ్చినప్పుడే వారానికి సరిపడా పిండి పట్టించుకుని పోవచ్చంటే ఎవరు వద్దంటారు?

మొదటిరోజే ఇంజన్ పట్టేసింది. అరగంట తిరిగిందో లేదో, కాలిపోయిన నూనె వాసన వచ్చి బిగుసుకుపోయింది. నేను ఆయిల్ చూశాను, చైన్ చూశాను, కాంట్రాక్టర్‌ను తిట్టాను. నా భార్య ఇంజన్ దగ్గర కూర్చుని, "రోడ్డు మీద ఉరికినప్పుడు దీనికి గాలి తగుల్తది. ఈడ నిలవడ్డది. ఉడకదా మరి?" అంది. చల్లారాక మళ్లీ నడిపితే, జొన్నలు చెరిగే చాట తీసుకుని ఇంజన్ పక్కన నిలబడి విసరడం మొదలుపెట్టింది. ఇంజన్ ఆగలేదు. ఆ రోజు నుంచి నేను గిర్నిలో గింజలు పోసేవాణ్ణి, ఆమె చాటతో విసిరేది. చాట ఉపాయం ఎవరిదని అడిగినవాళ్లందరికీ నాదేనని చెప్పాను. ఆమె వింటూనే ఉండేది. అది చిన్న అబద్ధమని అప్పుడు అనుకున్నాను. పెద్ద అబద్ధానికి నోరు అలవాటు పడింది దానితోనే.

రెండేళ్లు బాగా నడిచింది. జైనూర్ అంగడిలో మా గిర్ని ముందు గంపలు వరుస కట్టేవి. నాకు తల పొగరెక్కింది. ఒకరోజు చాయ్ దుకాణం ముందు పది మంది చేరి బండిని చూస్తున్నారు. ఒకాయన, "ఉస్తాద్, గీ గుర్రం ఒక్క తన్నుకే లేస్తదా?" అన్నాడు. "ఒక్క తన్ను కూడ ఎక్కువే" అన్నాను. లివర్ వంక చూడలేదు. నా చూపు ఆ పది మంది మొహాల మీద ఉంది. ఎగిరి కొట్టాను.

మోకాలి కింద ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది.

జనం మూగారు. "ఏమైంది ఉస్తాద్? ఎట్లైంది?" అని తలా ఒక ప్రశ్న. ఆ నొప్పిలో కూడా నాకు సిగ్గే ఎక్కువగా తెలిసింది. చాట పట్టుకుని నా భార్య పక్కనే ఉంది. కాసేపటి కింద హ్యాండిల్ మీది దుమ్మును కొంగుతో తుడిచింది. నేను ఆమె వైపు చెయ్యి చూపి, "ఇది ముట్టింది. ఆడిది హ్యాండిల్ ముట్టింది, అందుకే తన్నింది" అన్నాను.

మా దిక్కు ఆడవాళ్లు నాగలిని దాటరు. పొలం పనిముట్లకు పట్టింపులు ఎన్నో. అందుకే నా మాటను ఎవరూ రెండోసారి అడగలేదు. లివర్ అంటే ఏమిటో ఆ అంగడిలో ఎవరికీ తెలియదు. ఆడదాని చెయ్యి తగిలి పనిముట్టు చెడిందంటే అందరికీ తెలుసు. నా భార్య ఎడ్లబండి మాట్లాడి, నన్ను ఎక్కించి, మా బండిని దాని వెనుక కట్టించి, ఇల్లు చేర్చింది. దారి పొడవునా నా కాలు కదలకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

వెదురు బద్దలతో కట్టు కట్టించుకుని మంచం పట్టాను. కబురు అంది కొండగట్టు దగ్గరి మా ఊరి నుంచి మా అన్న వచ్చాడు. వస్తూ వస్తూ మంచిర్యాలలో ఇంజన్ కొనే మనిషిని కూడా చూసుకుని వచ్చాడు.

"అమ్మెయ్యిరా. ముట్టరానిది ముట్టినంక అది గిర్ని కాదు, పీడ" అన్నాడు.

నా భార్య పొయ్యి దగ్గర నుంచే అంది. "బావా, ఒక్క అంగడి చూస్త. నడవకుంటే మీరే తీస్కపోండి."

"ఎవలు తోలుతరమ్మా బండి?"

"నేనే."

మా అన్న నా వైపు తిరిగాడు. "ఇంటున్నవా? నీ పెండ్లాం బండి తోలుతదట. రేపు మీసాలు కూడ పెడ్తదేమో!"

"మీసాలున్నోడు తోలితే ఏమైందో మంచంల ఉన్నది గదా బావా" అంది ఆమె.

మా అన్నకు కోపం రావాలి, నవ్వొచ్చింది. వచ్చే అంగడి దాకా గడువు ఇచ్చాడు. అప్పటికి ఒక్క గంప కూడా రాకపోతే ఇంజన్ మంచిర్యాలకు పోతుంది. గిర్ని పోతే మాకు మిగిలేది సైకిల్ పంక్చర్లే.

అన్న బయట పడుకున్నాక ఆమె నా మంచం దగ్గరికి వచ్చింది. "లివర్ ఎనుకకు తిప్పలే నువ్వు. నేను చూసిన" అంది.

నేను గోడ వైపు తిరిగాను.

"నువ్వు కూడ రా జైనూర్‌కు. అందరి ముందట చెప్పు. గిర్ని గదే నడుస్తది."

"గదంత పోనియ్యరాదే."

"పోనిచ్చుడేంది? నువ్వన్న మాట పోలే. అంగట్ల కూసోని నన్ను చూస్తున్నది."

వస్తానన్నాను. చెప్తానని మాత్రం అనలేదు.

మా దిక్కు ఆడవాళ్లది గోచి కట్టు. నిజం చెప్పాలంటే కిక్కు కొట్టడానికి ధోతి కట్టిన నాకంటే ఆమెకే వీలు. బండికి మూడు చక్రాలున్నాయి, పడిపోతుందన్న భయం లేదు. క్లచ్చు, గేరు, బ్రేకు అన్నీ రెండేళ్లుగా నా వెనుక కూర్చుని చూసినవే. నన్ను తొట్టెలో గిర్ని పక్కన సంచుల మీద కూర్చోబెట్టి, విరిగిన కాలిని తాడుతో కట్టేసి, లివర్ వెనక్కి తిప్పి నాకు చూపించి మరీ కొట్టింది. రెండో కిక్కుకు లేచింది.

దారిలో ఒక ఊరి దగ్గర కట్ట మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. "ఓ ఉస్తాద్! మూటలెక్క కూసున్నవేంది?" అని ఒకడు అరిచాడు.

"మూట మాట్లాడది. ఇది మాట్లాడుతది, గదే తేడా!" అని ఆమె బండి ఆపకుండానే అరిచింది. నాకు తగలాల్సిన చోటే తగిలింది.

అంగడిలో ఎప్పటి చోటే బండి పెట్టింది. తనే దిమ్మెలు పెట్టి చక్రాలు ఎత్తింది, పట్టా వేసింది. గంపలు పట్టుకున్న ఆడవాళ్లు దూరంగా నిలబడ్డారు, దగ్గరికి రాలేదు. చాయ్ దుకాణం ఆయన వచ్చి, మంచి మాటగానే, "వద్దు చెల్లె. గా బండి మనిషి కాలు తిన్నది. మల్ల నువ్వే ముట్టుకుంటివి" అన్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. అందరికీ వినపడేలా, "చెప్పు. బండి ఎందుకు తన్నిందో చెప్పు" అంది.

నన్ను పది కాదు, నలభై మంది చూస్తున్నారు. నోట్లో మాట సిద్ధంగా ఉంది. నాలుగు పదాలే. కట్టు కట్టిన నా కాలిని చూసుకుంటూ కూర్చున్నాను.

ఆమె ఎక్కువసేపు ఎదురు చూడలేదు. లివర్ తిప్పింది, కొట్టింది, ఇంజన్ లేచింది, రాయి తిరగడం మొదలైంది. ఖాళీ రాయి. ఒక్క గింజ లేదు. అలా ఎంతసేపు తిరిగిందో చెప్పలేను. నా జీవితంలో అంత పొడుగు నిమిషాలు మళ్లీ చూడలేదు.

అప్పుడు ఒక గోండు ముసలామె గంప నెత్తిన పెట్టుకుని ముందుకు వచ్చింది. తెలుగు ఆమెకు అంగడి బేరానికి సరిపడేంతే వచ్చు. "ఇది ఏం చేస్తది?" అని అడిగింది.

"ఇసుర్తది అవ్వా" అంది నా భార్య.

"మా ఇంట్ల రాయి ఎవలు తిప్పుతరు? నేను. నా అవ్వ తిప్పింది, దాని అవ్వ తిప్పింది. మొగోడు తిప్పంగ చూడలే నేను." చాయ్ దుకాణం ఆయన వైపు తిరిగి, "నువ్వు చూసినవా?" అంది. "రాయి ఆడిదానిది. మరి ఆడిదాని చెయ్యి పడితే రాయికేమైతది?" అంటూ గంప దించింది.

ఆమె పిండి సంచిలో పడేలోపే వెనుక ఇంకో గంప దిగింది. తర్వాత వరుస కట్టింది.

ఇంజన్ వేడెక్కుతోంది. నా భార్య గింజలు పోస్తోంది, విసిరే మనిషి లేడు. ఆమె చాట వైపు చూసింది, నా వైపు చూసింది. నేను తొట్టె అంచు మీదికి జరిగి, కట్టు కాలు చాపుకుని, చాట అందుకున్నాను. మగవాళ్లు పగలబడి నవ్వారు. "ఉస్తాద్, చెరుగుడు ఎప్పుడు నేర్చినవు?" అన్నాడొకడు. చేతులు గుంజినా సాయంత్రం దాకా విసిరాను. మా అన్న చూసిన మంచిర్యాల బేరగాడికి ఇంజన్ దక్కలేదు. నా కాలు అతుక్కున్నాక కూడా ఆ బండిని ఆమే నడిపింది, ఆ కొండలకు కరెంటు గిర్ని వచ్చేదాకా. నేను చాట పట్టుకున్నాను.

ఆ రోజు చాట విసిరాను కాబట్టి తప్పు ఒప్పుకున్నట్టేనని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. కాదు. విసరడం పని. ఒప్పుకోవడానికి నోరు తెరవాలి, నేను తెరవలేదు. గిర్నిని నిలబెట్టింది ఆమె చెయ్యి, ముసలామె మాట. నా అబద్ధాన్ని వాళ్లిద్దరే ఓడించారు, నా సాయం లేకుండా. తర్వాత చుట్టాలు ఆ కథను నా కథగా మార్చి చెబుతుంటే విన్నాను, మీసం మీద చెయ్యి కూడా వేశాను.

మా అన్న కొడుకు ఇది చదివి మొహం చిట్లించాడు. "ఇజ్జత్ పోతది చిన్నబాపూ. లివర్ ముచ్చట తీసెయ్యి" అన్నాడు. తీయను. ఒక్క అక్షరం తీయను. ఇజ్జత్ అంటే ఏమిటో నాకు నేర్పడానికి వాడు ఇంకా చిన్నవాడు. పోయేది ఏదైనా ఉంటే అది ఆ అంగడిలోనే పోయింది. నవ్వేవాళ్లు నవ్వండి, ఇదివరకే నవ్వించుకున్న మనిషిని నేను.

రాయడం అయ్యాక నా భార్యను కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను. చిక్కుడుకాయలు గిల్లుతూ వింది. కోడిగుడ్ల దగ్గర నవ్వింది. లివర్ దగ్గర చేతులు ఆగాయి, మళ్లీ గిల్లాయి. చివరి దాకా విని, కాయలన్నీ గిన్నెలోకి తోసి లేచింది.

"నాకు సదివితే ఏమొస్తది? నాకు ఎర్కలేదా?" అంది. "అంగట్ల సదువు."

అందుకే ఇది అచ్చుకు ఇస్తున్నాను. లివర్ వెనక్కి తిప్పనిది నేను. ఆమె ముట్టినందుకు కాదు.