హార్లన్ పెల్కీ రెంచి

హార్లన్ పెల్కీకి కోపమొస్తే రాజీనామా చేస్తాడు. కోపం రోజూ వస్తుంది.

హెడ్లీ కొండ మీద మంచులో జారే స్కీ ఆట నడిపేది ఊరివాళ్లే. ఎవరికీ జీతాల్లేవు. జీతం లేని పనికి రాజీనామా ఏమిటని ఎవరూ అడగరు. అడిగితే దానికీ చేస్తాడు. "మీరూ మీ కొండా మంచులో కలవండి! పోతున్నా!" అని అరిచి, చేతిలో రెంచిని బల్ల మీద విసిరి, తలుపు దడాలున వేసి పోతాడు. మర్నాడు పొద్దున అందరికంటే ముందు అతనే ఉంటాడు.

"ఏం హార్లన్, మానేశావుగా?"

"మానేశాను. రెంచి మర్చిపోయా. దానికోసం వచ్చా."

తీసుకున్న రెంచి చేతిలో ఉంది కదా అని ఒక బోల్టు బిగిస్తాడు. దాని పక్కది కూడా. చీకటి పడేదాకా బిగిస్తూ, తిడుతూ ఉంటాడు. ముప్పై ఏళ్లుగా ఇంతే. కాఫీ చల్లారిందని ఒకసారి రాజీనామా చేశాడు. స్కీ వేసుకుని నవ్వుతున్నారని ఒకసారి చేశాడు. ఇంకోసారి జూలైలో, కొండ మీద మంచు చుక్క లేని రోజున, ఫోన్ చేసి మరీ చేశాడు.

కొండమీదికి జనాన్ని లాగేది ఒక పొడుగాటి తాడు. దాన్ని తిప్పేది పాత బంగాళాదుంపల లారీ ఇంజను. ఆ ఇంజను మీద ఈగ వాలినా హార్లన్ ఊరుకోడు. ఆ ఏడాది మూతపడ్డ మరో కొండవాళ్లు తమ టీ-బార్‌ను ఇస్తామన్నారు. స్తంభాలు, వాటి మీద కేబుల్, దానికి వేలాడే తలకిందుల టీ అక్షరంలాంటి కడ్డీలు. నడుము ఆనిస్తే చాలు, పైకి లాక్కుపోతాయి. ఊరు సంబరపడింది.

సంఘానికి అధ్యక్షురాలు కొరీన్ వెలెట్. బడిలో వంట చేస్తుంది, మీటింగులకి బీన్స్ కూడా ఆవిడే వండి తెస్తుంది. మీటింగుల్లో ఏం జరిగిందో పుస్తకంలో రాసేది కూడా ఆవిడే. హార్లన్ మాట్లాడితే పావుగంట అరుపు. అదంతా ఎవరు రాస్తారు? కొరీన్ ఒక్క ముక్క రాసేది: 'హార్లన్ రాజీనామా. బీన్స్ బాగున్నాయి.'

ఆగస్టులో పాత ఇంజనును తుక్కుకి పంపాలని తీర్మానించారు. హార్లన్ మారుమాట లేకుండా దాన్ని తన బండిలో వేసుకుపోయాడు. అందరూ ఆశ్చర్యపోయారు. తర్వాత ఎండలో, వానలో స్తంభాలు పాతాడు. పాతిన ప్రతి స్తంభాన్నీ తిట్టాడు.

నవంబరులో ఒక మంగళవారం మీటింగులో మళ్లీ లేచాడు. "కింది వాలులో చిన్న పిల్లలకి పాత తాడులాంటిది..."

కొట్టు నడిపే డానా కసురుకున్నాడు. "తాడు చచ్చిపోయింది హార్లన్. ఇక దాని గోల ఎత్తకు."

హార్లన్ తలుపు దడాలున వేసి వెళ్లిపోయాడు. బుధవారం రాలేదు. కొరీన్ బల్ల మీద చూసింది. రెంచి లేదు. ముప్పై ఏళ్లలో మొదటిసారి వెంట తీసుకుపోయాడు.

శుక్రవారం టీ-బార్‌ను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ వస్తాడు. మూడో స్తంభం దగ్గర కేబుల్ చక్రం మీంచి జారిపోతోంది. దాన్ని సరిచేయడం ఒక్క హార్లన్‌కే తెలుసు. సంతకం పడకపోతే ఈ శీతాకాలం కొండ మూతే. కొరీన్‌కి ఒళ్లు మండింది. నేరుగా అతని ఇంటికి పోయి షెడ్డు తలుపు తోసింది.

"రెంచి ఏదీ?"

"నాది. నా జేబులో ఉంది."

"పిల్లలకి ఈ ఏడు మంచు లేకుండా చేస్తావా? నువ్వు మనిషివేనా?"

"పిల్లల పేరెత్తకు! మీ కళ్లకి పిల్లలు కనిపిస్తే కదా!"

"రోజూ వాళ్లకి వండిపెట్టేది నేను!"

"అయితే ఇంకా బాగా పెట్టు! నలభై పౌండ్ల బరువు కూడా లేని చిన్న పిల్ల ఆ కడ్డీకి ఆనితే అది లాగదు, గాల్లోకి లేపుతుంది. మూడో స్తంభం దాకా జెండాలా ఎగురుతుంది!"

"మరి ముందే చెప్పి చావొచ్చుగా!"

"మూడు మీటింగుల్లో చెప్పి చచ్చాను!"

కొరీన్ చేతిసంచిలోంచి పుస్తకం తీసింది. జూన్: 'హార్లన్ రాజీనామా. బీన్స్ బాగున్నాయి.' సెప్టెంబరు, అదే. అక్టోబరు, అదే. బీన్స్ బాగున్నాయన్న సంగతి మూడుసార్లూ మర్చిపోకుండా రాసింది.

తలెత్తింది. షెడ్డు మధ్యలో లారీ ఇంజను తళతళలాడుతోంది. దానికి కొత్తగా చిన్న చక్రం, సన్నటి తాడు. పక్కన గుడ్డపీలికలు కూరిన ఎర్రటి చేతితొడుగు, పిడికిలిలా బిగిసి, ఆ తాడు పట్టుకుని ఉంది.

"అది మా బడిలో ఫ్లోరాది! పోయిందని వారం నుంచి ఏడుస్తోంది!"

"చేతి కొలత కావాలి. అడుగుదామని దగ్గరికి పోతే పిల్లలు పారిపోతున్నారు."

"అరిస్తే పారిపోరూ?"

"నేను అరవలేదు!" అని అరిచాడు హార్లన్.

గురువారం పొద్దున అతను మూడో స్తంభం మీద ఉన్నాడు.

"మానేశావుగా?" అన్నాడు కింద నుంచి డానా.

హార్లన్ చేతిలో ఉన్న రెంచి కేసి చూశాడు. "మానేశాను. ఈ రెంచి ఇక్కడ పడేసి పోదామని వచ్చా."

సాయంత్రానికి కేబుల్ కుదిరింది. కింది వాలులో చిన్న తాడు కూడా నిలబడింది. మోసింది డానా, తిట్లు తిన్నదీ అతనే.

ఇన్‌స్పెక్టర్ శుక్రవారం రెండూ చూశాడు. చిన్న తాడు అనుమతి కాగితాలు సెప్టెంబరులోనే అందాయన్నాడు. "పెల్కీ అనే ఆయన వారం వారం ఫోన్ చేసి, ఇంకా చూడలేదా అని తిట్టేవాడు." రెండింటికీ సంతకం పెట్టాడు. వెళ్తూ, "మూడో స్తంభం ఫర్వాలేదు" అన్నాడు.

"ఫర్వాలేదా?" హార్లన్ మొహం ఎర్రబడింది. "నిన్నంతా గాలిలో వేలాడితే ఫర్వాలేదా? మీకో దండం! పోతున్నా!"

రెంచి బల్ల మీద ఖణేలుమంది. తలుపు దడాలుమంది.

కొరీన్ పుస్తకం తెరిచి, హార్లన్ అన్నదంతా తిట్లతో సహా పొల్లుపోకుండా రాసుకుంది. పేజీన్నర అయింది. తర్వాత రెంచికి అంటిన గ్రీజు తుడిచి, పొద్దున రాగానే అతని కంటపడే చోట పెట్టింది.