ఆ తేదీకి హాలు ఖాళీ లేదు

ఒక్క పెళ్లికూతురు కూడా లేకుండా మా ఫంక్షన్ హాల్లో ఆరు పెళ్లిళ్లు చేయించిన ఘనుణ్ణి నేను. అదీ 2012లో, కంప్యూటర్ మీద. దయ్యాలంటే నాకెప్పుడూ నవ్వే. చిక్కడపల్లి దుకాణాల మధ్య పెరిగినవాడిని. గిరాకీ లేని నెలకన్నా భయపెట్టేది ఇంకోటి ఉందంటే నమ్మేవాణ్ణి కాదు.

హాలుకు వెబ్‌సైట్ తయారుచేసింది నారాయణగూడలో ఉండే శ్రీధర్. ఆన్‌లైన్ క్యాలెండర్‌లో నేను బుకింగ్ రాస్తే చాలు, అతను రాసిన జావాస్క్రిప్ట్ కోడ్ దాన్ని తెచ్చి సైట్‌లో చూపించేది. ఖాళీ తేదీలు ఎక్కువ కనబడితే వచ్చినవాళ్లు బేరమాడతారు. అందుకే దొంగ పెళ్లిళ్లు ఎక్కించాను. పేర్లు కల్పించే ఓపిక లేక ఇంట్లోవాళ్లవే రాశాను.

తమ్ముడు రమేశ్ తన పేరు చూసుకుని, "నాకు రెండో పెళ్లి చేస్తున్నవా అన్నా? జర నీ మరదలికి గూడ ఓ మాట చెప్పు" అన్నాడు.

వారం తర్వాత ఒక పొద్దున సైట్ తెరిస్తే, అదే తేదీ కింద "రమేశ్, దశదిన కర్మ" అని ఉంది. క్యాలెండర్‌లో చూశాను. అక్కడ "రమేశ్, పెళ్లి" అనే ఉంది. పాస్‌వర్డ్ నా ఒక్కడికే తెలుసు. పైగా మేం కర్మలకు హాలు ఇవ్వం. ఇస్తే పెళ్లివాళ్లు గడప తొక్కరు.

శ్రీధర్ వచ్చి గంటసేపు కోడ్ వెతికాడు. అతని ల్యాప్‌టాప్‌లోనూ అదే మాట.

"స్క్రిప్ట్‌కు సొంతంగ రాసుడు రాదన్నా. నువ్వు రాసిందే చూపిస్తది" అన్నాడు. ల్యాప్‌టాప్ మూస్తూ, "రమేశన్న ఛాతీల మంట అంటున్నడు గద. ఒకసారి డాక్టర్‌కు చూపియ్యి" అన్నాడు.

నా భయం వేరు. ఆ మాట గిరాకీల కంట పడుతుందేమోనని. పేజీ తీసేయించాను. తమ్ముడికి చెప్పలేదు.

ఆ మాట కనబడిన ఎనిమిదో రోజు, కాచిగూడలో హాలు వంటలకు సరుకు చూస్తూ రమేశ్ కుప్పకూలాడు. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. అయ్యగారు లెక్కగట్టి చెప్పిన కర్మ తేదీ అదే. పెళ్లిళ్ల కాలం, ఎక్కడా హాలు దొరకలేదు. నేను రాసిన దొంగ పెళ్లి చూసి ఆ తేదీకి ఎవరూ అడగలేదు గనక మాది ఒక్కటే ఖాళీగా మిగిలింది. అందులోనే జరిపించాం.

ఆ అక్షరాలు ఎట్లా మారాయో నాకు ఇవాళ్టికీ తెలియదు. శ్రీధర్‌కూ తెలియదు. తెలిసిన లెక్క ఇదొక్కటే: నా చేతిలో ఎనిమిది రోజులున్నాయి. డాక్టరు మా పక్క సందులోనే ఉన్నాడు. పేజీ తీసేయించడానికి ఒక పూట పెట్టాను. తమ్ముడికి ఒక్క గంట పెట్టలేదు.