తూకమక్క, తొమ్మిది గొర్రెలు

పశువుల ఆసుపత్రిలో గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగించే ఆవిడను అందరూ తూకమక్క అంటారు. గొర్రెను త్రాసు ఎక్కించనిదే సీసా మూత తియ్యదు. "కంటితో చూసి బరువు చెప్పలేవా?" అని ఎవరైనా వేళాకోళమాడితే, "మీ కళ్లు అంత చక్కగా ఉంటే నన్నెందుకు పిలిచారు?" అని నోరు మూయిస్తుంది. ఇరవై రెండేళ్లలో ఆమె చేతి మీదుగా ఒక్క జీవానికీ హాని జరగలేదు. అందుకు ఆమెకు గర్వమే, దాచుకునే రకం కూడా కాదు.

అలాంటిది, ఒక పెద్ద మందకు కొత్తగా వచ్చిన నట్టల మందు పట్టిన మూడు వారాలకు తొమ్మిది గొర్రెలు వెనక కాళ్లు ఈడ్చడం మొదలుపెట్టాయి. మంద యజమాని ఉరుకులు పరుగుల మీద వచ్చాడు.

"ఎక్కువ పోసేశావక్కా."

"తూచే పోశాను తమ్ముడూ."

"మరి వాటికేమైనట్టు?"

అతను వెళ్లాక పాతిక కిలోల దాణా బస్తాను త్రాసు మీద పెట్టింది. సరిగ్గా పాతికే చూపించింది. సిరంజిలో నీళ్లు నింపి కొలిచింది. అదీ సరిగ్గానే ఉంది. అయినా అనుమానం తొలిచేస్తూనే ఉంది. ఆ రోజు చెయ్యి గానీ తడబడిందా? తన చేతిని తానే నమ్మలేకపోవడం అదే మొదటిసారి. ఏడుపొచ్చింది.

మర్నాడు గొర్రెల చెవి బిళ్లల నంబర్లు పట్టుకుని పుట్టుకల పుస్తకం తిరగేసింది. తొమ్మిదీ ఒకే పొట్టేలు పిల్లలు. ఆ సంగతి చెబితే డాక్టరుగారు వాటితోపాటు పొట్టేలు రక్తం కూడా తీసి పరీక్షకు పంపారు. ఫలితాలు రాగానే ఆమెను పిలిచారు.

"ఈ మందును ఒంట్లో విరిచేసే ఎంజైము వీటిలో పుట్టుకతోనే తక్కువమ్మా. పొట్టేలులో ఆ లోపం దాగి ఉంది, తల్లి నుంచి కూడా వస్తే పిల్లలకు ఇంతే. మిగతావాటికి సరిపోయే మోతాదే వీటికి విషం. నీ తప్పేం లేదు."

తూకమక్క ఊపిరి పీల్చుకుంది. అంతలోనే ఒకటి గుర్తొచ్చింది. నాలుగేళ్ల కిందట ఆ మందకు ఆ పొట్టేలును ఏరి ఇచ్చింది తనే. వెంటనే యజమాని దగ్గరికి వెళ్లింది.

"డాక్టరుగారు చెప్పారక్కా. నోరు జారాను, ఏమీ అనుకోకు."

"అందుకు రాలేదు తమ్ముడూ. ఆ పొట్టేలును ఏరింది నేనే. ఇక దాన్ని ఆడగొర్రెలతో కలపకు. దాని పిల్లలకు ఈ మందు పట్టించకు."

అతను దొడ్లో ఉన్న పొట్టేలు వైపు చూశాడు.

"అప్పుడు దాన్ని తూచలేదా అక్కా?"

"తూచాను. అన్నిటికంటే బరువుందనే ఏరాను."