జెనెబెచ్ బాన

మా ఊరు దెబ్రె బెర్హాన్‌లో జెనెబెచ్ తిట్టిన తిట్లకు బార్లీ బీరు ఉప్పెనలా పొంగి, బాన మూత ఇంటి రేకును చీల్చుకుని పోయి చర్చి గంటను మోగించింది. సరే, గంట మోగలేదు. రేకు కూడా చీలలేదు. మూత లేచిన మాట మాత్రం నిజం. చిన్నప్పుడు నాకు చదువు చెప్పిన కాన్వెంట్ సిస్టర్లు దగ్గర్లో లేరు కాబట్టి ఒట్టు కూడా వేస్తాను.

జెనెబెచ్ మా పక్కింటామె. టెల్లా పెట్టి అమ్ముతుంది. మేము ఇళ్ళల్లో పులియబెట్టుకునే బీరు అది. ఈస్టు ఎవరూ కొనరు. అది బాన గోడల్లోనూ, అందులో వేసే గెషో ఆకుల్లోనూ కాపురముంటుంది. ఆమె బాన వాళ్ళ అమ్మమ్మది. ఏళ్ళ తరబడి ఎండిన నురగ లోపల పొరలు కట్టి ఉండేది. ఆమె దాన్ని నీళ్ళతో కడిగి, చేదాకుతో రుద్ది, ఆలివ్ కట్టె పొగ పట్టేది. అంతే.

ఆ నెల మికాయేల్ దూత పేర పెట్టే విందు వంతు ఆమెది. వాడకట్టంతా వస్తుంది. టెల్లా చెడిందో, పేరు పోతుంది. పేరు పోతే ఆమె గుమ్మం ఎక్కేవాడు ఉండడు.

సరిగ్గా అప్పుడే రాజధాని అడిస్ నుంచి ఆడపడుచు షెవాయే దిగింది.

"ఏమే, బానలో ఏం పోశావు?"

"బ్లీచింగ్ పౌడర్ వదినా. ఎంత మురికి! గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఇప్పుడు చూడు, ఆస్పత్రి గిన్నెలా మెరుస్తోంది."

"ఆస్పత్రి కాదే, శవాల గది! మురికా అది? మా అమ్మమ్మ పులుపు! మురికంతా నీ బుర్రలో ఉంది."

"అంత అరుపెందుకు? సీసా బీరు తెప్పిద్దాం."

"మికాయేల్ విందుకు సీసాలా? మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి నా పీక పిసుకుతుంది. ముందు నీది పిసుకుతుందిలే!"

జెనెబెచ్ బానను కడిగింది, పొగ పట్టింది, మళ్ళీ కడిగింది. మొలకెత్తిన బార్లీ పిండీ, మాడ్చిన రొట్టె ముక్కలూ, నీళ్ళూ పోసింది. రోజూ పొద్దున్నే బానకు చెవి ఆనించేది. పులిసే బుడబుడ చప్పుడే లేదు. నేను గోడ మీంచి తొంగి చూశాను.

"ఏంటి బాబాయ్, తమాషానా?"

"బాన మాట్లాడుతోందేమోనని."

"నీ అంత వాగదులే. లోపలికి పో!"

ఆ కోపంలోనే కంచె దగ్గరి గెషో మొక్క ఆకంతా దూసి తెచ్చి షెవాయే ముందు పడేసింది. "దంచు! నీ చేతుల బ్లీచింగ్ కంపు పోయేదాకా దంచు!" దంచినదంతా బానలో కుమ్మరించి, పక్కనే పీట వేసుకుని తిట్టడం మొదలుపెట్టింది. షెవాయేను, అడిస్ నగరాన్ని, ఆ పౌడర్ కనిపెట్టినవాణ్ణి, చివరికి మూగబోయిన బానను.

విందు ముందు రోజు మధ్యాహ్నం లోపల 'బుడుక్'మంది. తిట్టు సగంలో ఆగింది. ఆపితే అదీ ఆగిపోతుందనుకుందో ఏమో, ఇంకాస్త గట్టిగా అందుకుంది. నురగ మూతను ఎత్తేసింది. కొత్త గెషోలో ఈస్టు ఉండి ఉంటుందంటారా? ఉండొచ్చు. నేను మాత్రం తిట్ల వైపే.

విందులో మా చర్చి గురువు అబ్బా కెఫ్లె గ్లాసు దించి, "పులుపు కొత్తగా ఉందమ్మా. ఎప్పటి బానేనా?" అన్నారు.

షెవాయే నోరు తెరవబోయింది. జెనెబెచ్ ఆమె గ్లాసు అంచుదాకా నింపి, "తాగు. ఆ నోరు తాగడానికే తెరు," అని పళ్ళు నూరి, ఆయన వైపు తిరిగింది. "మా అమ్మమ్మ బానే అబ్బా. ఇంకొంచెం పోయనా?"

ఈ కథ నేను అరుగు మీద చెబుతుంటే జెనెబెచ్ గరిటె పట్టుకుని వచ్చింది. ఆమె పెరట్లో షెవాయే గెషో దంచుతున్న చప్పుడు అందరికీ వినబడుతూనే ఉంది.

"నా బాన ఎవరూ కడగలేదు. నేను ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. షెవాయే అసలు ఈ ఊరే రాలేదు. ఈ ముసలాయనకు ఇంకెవరూ టెల్లా పోయకండి!"