గుట్ట మీద ఊరపిచ్చుకలు

ఇరవయ్యేళ్ల కిందటి ఎండాకాలం. భద్రాచలం వెళ్లే మా బస్సు జూలూరుపాడు దాటాక వేడెక్కి ఆగిపోయింది. డ్రైవర్ నీళ్ల కోసం వెళ్లాడు. పిట్టల్ని చూసే పిచ్చి నాది. కిటికీలోంచి బైనాక్యులర్స్ పెట్టి గుట్ట మీదికి చూశాను. మాడిపోయిన చెట్ల మధ్య ఊరపిచ్చుకలు! మామూలుగా మనుషులున్న చోటే ఉంటాయవి.

"అడవిలో ఊరపిచ్చుకలేంటి!" అన్నాను సంబరంగా, పైకే.

పక్క సీట్లో మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నడివయసు ఆమె అటు తిరగకుండానే జవాబిచ్చింది.

"ఆడ మా ఊరుండె సారూ. పోయినేడు వానలప్పుడు జ్వరాలొచ్చినయ్. మా బిడ్డ ఆడనే పోయింది. మిగిలినోళ్లమంత కిందికి దిగినం. పిట్టలకేం ఎరుక, ఆడనే ఉన్నయ్."

బైనాక్యులర్స్ ఆమె ముందుకు చాపాను.

"చూస్తారా అమ్మా? గుట్ట బాగా కనిపిస్తోంది."

ఆమె నా చేతిని మెల్లగా పక్కకు జరిపింది.

"వద్దు సారూ. దగ్గరికొస్తది."

బస్సు కదిలేదాకా రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది.

ఇన్నేళ్లయినా, అడవిలో ఊరపిచ్చుకల కిచకిచ వినబడితే నా చెయ్యి బైనాక్యులర్స్ మీదికి పోదు.