నలభై మూడో ఆప్షన్‌లో ఒక మాట

నాంపల్లి స్టేషన్ వెనక సందులో పుట్టి పెరిగిన నర్మదకు ముప్పై నాలుగేళ్లు. తండ్రి రాజయ్య జనగామ పక్క పల్లె నుంచి వచ్చి స్టేషన్లో హమాలీగా మూటలు మోశాడు. కూతురు కేబుల్ చుట్టలు మోసింది. ఆబిడ్స్‌లో ఆరు నెలల నెట్‌వర్కింగ్ కోర్సు చేసి, నిచ్చెనలెక్కి, ఫాల్స్ సీలింగ్‌లో తలదూర్చి, ఎలుకలతో పోట్లాడి పైకొచ్చింది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల పది ఆఫీసుల నెట్‌వర్కులు ఆమె చేతి కిందే నడుస్తున్నాయి. పనిలో పట్టిన పట్టు వదలదు. ఎటొచ్చీ కొంచెం కొంటెది.

ఆ పదిలో ఒకటి, ఆబిడ్స్‌లో స్కూలు పుస్తకాలు అచ్చేసే కంపెనీ. దానికి జగన్మోహనరావు కొత్త మేనేజరుగా వచ్చాడు. హిమాయత్‌నగర్ కాపురం, పెద్ద గొంతు. ఆయన ఫోనెత్తితే మూడో అంతస్తులో మాట మెట్ల మీదికి వినబడేది. ఆఫీసులో అందరివీ ఒకే రకం ఫోన్లు. ఆయన మాత్రం పట్టుబట్టి తనకొక్కడికే వేరే కంపెనీ ఫోను, పెద్ద తెర ఉన్నది, తెప్పించుకున్నాడు. తీరా అది మోగదు, పలకదు. అమ్మినతను రెండుసార్లు వచ్చి, ఏదో నొక్కి వెళ్లిపోయాడు. ఆయన కోపమంతా ఆపరేటర్ వనిత మీద పడింది.

"అక్కా, ఆ ఫోన్ జర చూడు. మూడు దినాల సంది నన్నే తిడుతుండు" అంది వనిత.

నర్మద లాప్‌టాప్ తెరిచింది. తీగ తగిలించగానే ప్రతి ఫోనూ "నేను ఫలానా కంపెనీదాన్ని, నాకో అడ్రసు కావాలి" అని అడుగుతుంది. అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వరు, దానితోపాటు కొన్ని చీటీలు కూడా చేతిలో పెడుతుంది. వాటికి నంబర్లుంటాయి, ఆప్షన్లంటారు. మిగతా ఫోన్లన్నీ అరవై ఆరో చీటీ చదివి తమ సర్వరు దగ్గరికి పోతున్నాయి. మేనేజరు గారి ఫోను దాని వంక చూడనైనా చూడదు. దానికి నలభై మూడో చీటీయే కావాలి. అందులో ఏ కంపెనీ రాత ఆ కంపెనీది, పక్క కంపెనీ ఫోనుకు అక్కర్లేదు.

ఆ చీటీలో రాతకు ముందు అది ఎన్ని అక్షరాలో వేయాలి. అమ్మినతను రాశాడు గానీ ఆ లెక్క తప్పాడు. సర్వరు అడ్రసుకు తొమ్మిది అక్షరాలైతే ఎనిమిదని వేశాడు. చివరి అంకె తెగి, అది వేరేదాని అడ్రసైపోయింది. పాపం ఆ ఫోను మూడు రోజులుగా కింది అంతస్తు ప్రింటరు తలుపు తట్టి, జవాబు లేక తిరిగి వస్తోంది. నర్మదకు నవ్వాగలేదు.

లెక్క సరిచేసింది. ఫోను మోగింది. అక్కడితో లేచి రావచ్చు. కానీ ఫోను కంపెనీ వాళ్ల పుస్తకంలో ఇంకో లైను కనబడింది: అదే చీటీలో ఫోను తెర మీద చూపడానికి ఒక మాట కూడా రాయొచ్చట. నర్మద తలెత్తి, గాజు తలుపు అవతల బిక్కమొహంతో కూర్చున్న వనితను చూసింది. ఖాళీలతో సహా పదహారు అక్షరాలు లెక్కపెట్టి, ఇంగ్లీషు లిపిలో "జర మెల్లగ సర్" అని కొట్టింది.

మర్నాడు వనిత ఫోన్ చేసింది. "అక్కా, ఏం చేసినవే? పొద్దుగాల సంది సారు గుసగుసలే!"

సంగతేమిటంటే, గొంతు పెరిగితే కనిపెట్టి హెచ్చరించే ఫోనని ఆయన నమ్మాడు. వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాడు. "చూశారా, మన యాస కూడా వచ్చు దీనికి! డబ్బు ఊరికే పోలేదండీ" అంటున్నాడు.

వారమయ్యేసరికి, ఎక్కడ బయటపడుతుందోనని నర్మదకే భయం పట్టుకుంది. వెళ్లి, ఆ మాట తీసేసి, ఫోను ఆపి మళ్లీ వేసింది. గంట తిరక్కుండానే జగన్మోహనరావు పిలిచాడు.

"నర్మదగారూ, ఆ ఫీచర్ పోయిందండీ. పొద్దున్నే మా ఆవిడ కూడా అంది, ఈమధ్య ఇంట్లోనూ నెమ్మదిగా మాట్లాడుతున్నానని. మళ్లీ పెట్టించండి."

ఇక దాచలేకపోయింది. "అది ఫీచర్ కాదు సార్. నేనే రాసిన. మీరు ఒర్లినా ఒర్లకున్నా గదే కనబడుతది. తప్పయింది."

ఆయన మొహం ఎర్రబడింది. తెర వంక, ఆమె వంక మార్చి మార్చి చూశాడు.

"అంటే వారం రోజులు నన్ను కంట్రోల్ చేసింది మీరా?"

"ఔ సార్."

నర్మద మనసులోనే ఈ ఆఫీసుకు నీళ్లొదిలేసింది. చివరికి ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "మా నాన్న చెబితే వినలేదు, హెడ్మాస్టరు చెబితే వినలేదు" అని పకపకా నవ్వాడు. ఆ నవ్వు మాత్రం మెట్ల దాకా వినబడింది.

మాట మళ్లీ పెట్టమన్నాడు, పెట్టింది. తర్వాత బషీర్‌బాగ్‌లోని తమ గోడౌను పని కూడా ఆమెకే అప్పగిస్తూ, ఒక్క షరతు పెట్టాడు: ఆ మాట రాసిందెవరో ఆఫీసులో ఎవరికీ చెప్పకూడదు. నర్మద ఒప్పుకుంది. అప్పటికే వనిత నాలుగంతస్తులకూ చెప్పేసిందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.