కుడి కొమ్మలో ఆరు

మొన్న పొద్దున్నే ఫోన్లో మెసేజ్ వచ్చింది, మా కంప్యూటర్ మేడమ్ పోయారని. ఎవరో ఫార్వర్డ్ చేసిన మాట, నమ్మబుద్ధి కాలేదు. విస్సన్నపేటలో ఉన్న వాళ్ళ కోడలికి ఫోన్ చేశాను. "నిజమేనమ్మా, గుండెపోటు" అంటూ ఆవిడ ఏడ్చేసింది. వాకబు చేయకుండా నమ్మి ఉంటే మేడమ్‌కే నచ్చేది కాదు.

తిరువూరులో డిగ్రీ చదివేటప్పుడు ఆవిడ మాకు పాఠాలు చెప్పారు. మామిడిపళ్ళు కొంటే బుట్ట అడుగున ఉన్నదాన్ని తీసి వాసన చూసే మనిషి. ప్రోగ్రామ్ నడిచిందని మేం సంబరపడితే, "నడిచింది సరే, ఎందుకు నడిచింది?" అనేవారు. ఆవిడ వెనకాల 'అనుమానం మేడమ్' అని నవ్వుకునేవాళ్ళం.

ఫైనల్ ప్రాక్టికల్స్‌లో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్, అంకెల్ని చెట్టు కొమ్మల్లా పేర్చిన ఒక ట్రీ, బైనరీ సెర్చ్ ట్రీ అవునో కాదో చెప్పే ప్రోగ్రామ్ రాయమన్నారు. ఏ అంకె దగ్గర చూసినా దాని ఎడమ కొమ్మలోవన్నీ చిన్నవి, కుడి కొమ్మలోవన్నీ పెద్దవి అయి ఉండాలి. ఆయనిచ్చిన ట్రీకి అందరి ప్రోగ్రాములూ 'అవును' అన్నాయి. నాది 'కాదు' అంది.

"తప్పమ్మా, వెళ్ళు" అన్నారాయన. ఆ పేపర్ పోతే ఎంసీఏ ఆశ వదులుకోవాల్సిందే.

మేడమ్ వచ్చి ముందు నన్నే అనుమానించారు. "నువ్వే రాశావా?"

"నేనే మేడమ్."

"అయితే బోర్డు మీద చెప్పు."

ఆయనిచ్చిన ట్రీనే గీశాను. పైన పది వేశాను. ఎడమన అయిదు, కుడిన పదిహేను. పదిహేను కింద ఎడమన ఆరు.

"పదిహేను కంటే ఆరు చిన్నదేగా?" అన్నారు ఎగ్జామినర్.

"చిన్నదే సార్. కానీ పదికి కుడివైపు ఉంది కదా, పది కంటే పెద్దదై ఉండాలి."

మేడమ్ అప్పటికీ ఒప్పుకోలేదు. ఆరు చెరిపి పన్నెండు వేసి, ఆ ట్రీతో ప్రోగ్రామ్ నడపమన్నారు. 'అవును' అని వచ్చింది. అయిదు కింద కుడిన పదకొండు వేశారు. 'కాదు' అని వచ్చింది. అప్పుడు ఆయన వైపు తిరిగారు.

"సార్, ఇంతసేపూ ఈ పిల్లని అనుమానించాను. ఇక మీ జవాబుని అనుమానించాలండి. పైనున్న తండ్రితో పొసగితే చాలదు, ఆ పైనున్న తాతతోనూ పొసగాలి."

ఆయన బోర్డు మీది అంకెల్ని ఒక్కొక్కటే సరిచూసుకుని, "నిజమేనండి" అని మార్కులు వేశారు.

బయట మేడమ్‌కి దణ్ణం పెట్టబోతే, "నిన్ను నమ్మి కాదమ్మా, సరిచూసుకుని చెప్పాను" అన్నారు. అప్పుడు మనసు చివుక్కుమంది. ఇప్పుడు ఆఫీసులో నా పని చూడకుండానే ఎవరైనా మెచ్చుకుంటే, మేడమ్ అన్న ఆ మాట ఎంత గొప్ప మెప్పో తెలుస్తోంది.

ఆ పరీక్ష రోజు సాయంత్రం బస్టాండులో, బస్సుకి విస్సన్నపేట బోర్డు స్పష్టంగా కనిపిస్తున్నా మేడమ్ కండక్టర్ని అడిగారు, డ్రైవర్నీ అడిగారు. ఎక్కి కిటికీ దగ్గర కూర్చుని, నేనెక్కిన షేర్ ఆటో అతన్ని "గంపలగూడెమేనా బాబూ?" అని కేకేశారు. అతను నవ్వి తలూపాడు. బస్సు కదిలింది. ఆవిడ మాత్రం తల బయటపెట్టి, మా ఆటో ఎటు తిరుగుతుందోనని చూస్తూనే ఉన్నారు.